జపనీస్ పరీక్ష పాసైనా మాట పెగలకపోతే ఏం చేయాలి?

పరకాల దగ్గరి ఊరి నుంచి వచ్చి, హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న ముప్పై మూడేళ్ల సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఆమె జపనీస్ భాషలో ఎన్‌4 పరీక్ష పాసయ్యారు. వృద్ధుల సంరక్షణ ఉద్యోగానికి జపాన్ వెళ్లాలనుకుంటున్నారు. అయితే నమూనా ఇంటర్వ్యూలో స్వీయ పరిచయం చక్కగా చెప్పగలిగినా, ఆ వెంటనే వచ్చిన మామూలు ప్రశ్నకు నోరు కట్టుకుపోయింది. ఇది వయసు వల్లనా, జపాన్ వాళ్లెవరూ లేని వరంగల్‌లో ఉండి మాట్లాడటం నేర్చుకోవడం సాధ్యమేనా, కొన్ని ప్రశ్నలకు జవాబులు కంఠస్థం చేసుకుంటే సరిపోతుందా అని ఆమె సందేహం. కొన్నేళ్లు జపాన్‌లో ఉద్యోగం చేసి వచ్చి, ఇప్పుడు ఇక్కడే పెద్దవాళ్లకు ఆ భాష నేర్పుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

అమ్మా, ముందుగా మీరు రాసిన పరీక్ష ఎలాంటిదో చూడండి. జేఎల్‌పీటీలో, అంటే ఆ జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో, మాట్లాడే విభాగమే లేదు. అన్నిటికన్నా సులువైన ఎన్‌5 నుంచి అన్నిటికన్నా కష్టమైన ఎన్‌1 వరకు ఏ స్థాయిలోనూ అభ్యర్థి నోరు తెరవనక్కర లేదు. ఇచ్చిన జవాబుల్లో ఒకటి గుర్తించడమే పని. ఎన్‌4లో మొత్తం 180 మార్కులకు 90 రావాలి, అందులో వినికిడి విభాగంలో 60కి కనీసం 19 ఉంటే చాలు. అంటే విన్న మాటల్లో చాలా భాగం అర్థం కాకపోయినా, చదివే భాగం బాగా రాసినవారు పాసవుతారు. దీనికి బదులుగా కొందరు రాసే జేఎఫ్‌టీ బేసిక్‌లో సంభాషణ పేరుతో ఒక విభాగం ఉన్నా, అక్కడ కూడా కంప్యూటర్ తెర మీద సరైన మాటను ఎంచుకోవడమే ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో జపాన్ ప్రవేశపెట్టిన ప్రత్యేక నైపుణ్య వీసాకు ఈ రెండింటిలో ఏదో ఒకటి పాసవడం భాషా అర్హత. సంరక్షణ రంగానికైతే దానికి సంబంధించిన భాషా పరీక్ష, నైపుణ్య పరీక్ష అదనం. కానీ ఉద్యోగం ఇచ్చే సంస్థ మాత్రం మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. మీ చదువు బాగానే సాగింది. మాట్లాడే పనిని ఇంతవరకు మీతో ఎవరూ చేయించలేదు, అంతే.

ఎంత విన్నా, ఎంత చదివినా మాట్లాడటం దానంతట అదే రాదని భాషా బోధనలో చాలాకాలంగా గమనించిన విషయం. కెనడాలో అన్ని పాఠాలూ ఫ్రెంచ్‌లోనే చదువుకున్న ఇంగ్లిష్ పిల్లలు ఆ భాషను బాగా అర్థం చేసుకుంటున్నా మాట్లాడటంలో, రాయడంలో వెనకబడి ఉండటాన్ని చూసి, మెరిల్ స్వెయిన్ అనే భాషా పరిశోధకురాలు 1985లో ఒక వాదన చేశారు. తానుగా వాక్యం కట్టవలసిన అవసరం పదే పదే ఎదురైనప్పుడే మనిషి ఆ భాషలో ఎక్కడ తడబడుతున్నాడో గమనించి సరిచేసుకుంటాడని ఆ వాదన సారాంశం. ఏళ్ల తరబడి బడిలో కూర్చున్న పిల్లలకే అలా ఉంటే, డ్యూటీ దిగాక రెండు గంటలు పుస్తకం పట్టుకునే మనకు వేరుగా ఎందుకు ఉంటుంది?

ఇక అసలు విషయానికి వస్తాను. పరీక్షలో ఒక ప్రశ్నకు అర నిమిషమో నిమిషమో దొరుకుతుంది. ఎదుటి మనిషి ముందు ఒకటి రెండు క్షణాలకు మించి దొరకవు. ఆ క్షణాల్లో మీ మనసు ఎంత దూరం తిరుగుతున్నదో ఒకసారి గమనించండి. మన దగ్గర దొరికే పుస్తకాలు, యాప్‌లు, కోచింగ్ నోట్సు దాదాపు అన్నీ జపనీస్‌ను ఇంగ్లిష్ ద్వారా నేర్పుతాయి. అందువల్ల ప్రశ్నను జపనీస్‌లో విని, ఇంగ్లిష్‌లోకి మార్చుకొని, తెలుగులో అర్థం చేసుకొని, జవాబును తెలుగులో అనుకొని, మళ్లీ ఇంగ్లిష్ వాక్యంగా పేర్చి, దాన్ని తలకిందులు చేసి జపనీస్‌గా చెప్పవలసి వస్తోంది. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో మాట ఆగిపోవడానికి నేను చూసిన అతి పెద్ద కారణం ఇదే. మధ్యలో నుంచి ఇంగ్లిష్‌ను తీసివేస్తే సగం బరువు దిగిపోతుంది, ఎందుకంటే తెలుగు వాక్యం, జపనీస్ వాక్యం చాలావరకు ఒకే వరుసలో నడుస్తాయి.

మీకు వచ్చిన వాక్యాలతోనే చూడండి. "ఒకితె, కఒ ఒ అరత్తె, గొహన్ ఒ తబెతె, షిగొతొ ని ఇకిమసు." లేచి, ముఖం కడుక్కొని, అన్నం తిని, పనికి వెళ్తాను. ఒక్క ముక్క కూడా స్థానం మారలేదు. ఇంగ్లిష్ పుస్తకాలు పేజీల కొద్దీ వివరించే ఆ "తె" రూపం, మన బడి వ్యాకరణంలో క్త్వార్థకం అని చదివిన వండి, చూసి, వచ్చి వంటి రూపం చేసే పనిలో చాలా భాగం చేస్తుంది. "తబెతె మిమసు" అంటే తిని చూస్తాను. "మొత్తె కిమసు" అంటే పట్టుకొని వస్తాను. "కినో కత్త హొన్" అంటే నిన్న కొన్న పుస్తకం. కొన్న అనే మాట పుస్తకానికి ముందే వస్తుంది, ఇంగ్లిష్‌లో లాగా వెనక్కి వెళ్లదు. "కురు తొ ఈమషిత" అంటే వస్తానని చెప్పారు. మన "అని" ఉన్నచోటనే వాళ్ల "తొ" ఉంది. ని, దె, కర, మదె వంటివి మన కు, లో, నుంచి, వరకు మాదిరిగానే మాట వెనకాలే అతుక్కుంటాయి. కాబట్టి ఇవాళ్టి నుంచి మీ నోట్సులో ఇంగ్లిష్ అర్థాలు కొట్టివేసి, ప్రతి వాక్యం పక్కన తెలుగు వాక్యమే రాయండి; అదీ పుస్తకాల తెలుగులో కాకుండా, మీరు ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగులో రాయండి. కొన్ని వారాలకే వాక్యం మొదలుపెట్టడానికి పట్టే సమయం తగ్గడం మీకే తెలుస్తుంది.

ఉచ్చారణలోనూ మనకు కొంత సాయం ఉంది. జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాలు, ఒత్తులు మారితే అర్థమే మారిపోతుంది: "ఒబసన్" అంటే అత్తో పిన్నో, "ఒబాసన్" అంటే అమ్మమ్మో నాయనమ్మో, "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే కోసి, "కీతె" అంటే విని. ఇంగ్లిష్ వాళ్లు నెలల తరబడి సాధన చేసే ఈ తేడా, గుణింతం దిద్దిన ఎవరికైనా చెవికి వెంటనే పడుతుంది. చుట్టం అనేటప్పుడు మన నోట పలికే చకారమే వాళ్ల "త్సు"కు దగ్గరి ధ్వని.

అయితే ఈ పోలిక అంతటా పనిచేయదు. తెలుగులో క్రియ చివర చూస్తే ఎవరు వచ్చారో తెలిసిపోతుంది: వచ్చాను, వచ్చావు, వచ్చింది. జపనీస్‌లో "కిమషిత" ఒక్కటే. నేనా, మీరా, ఆమెనా అన్నది సందర్భం చెప్పాలి. ఆ లోటును పూడ్చేవి ఇవ్వడం, పుచ్చుకోవడం తెలిపే క్రియలు. "తెత్సుదత్తె కురెమషిత" అంటే ఎవరో నాకు సాయం చేసి పెట్టారని, "తెత్సుదత్తె అగెమషిత" అంటే నేనో మరొకరో వేరే మనిషికి చేసి పెట్టామని. ఎవరు ఎవరికి చేశారనేది క్రియలోనే ఇమిడి ఉంటుంది కాబట్టి, అగెరు (ఇతరులకు ఇవ్వడం), కురెరు (నాకు ఇవ్వడం), మొరౌ (పుచ్చుకోవడం) అనే మూడింటినీ మీ ఆసుపత్రిలో నిజంగా జరిగిన సంగతులతోనే వాక్యాలు కట్టుకొని నోటికి అలవాటు చేసుకోండి. మాట్లాడేటప్పుడు మన వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మీ వృత్తికి తప్పనిసరిగా కావలసిన మరొక విషయం, "లేదా?" అని అడిగే ప్రశ్నలకు జవాబు. "ఇతకునై దెసు క" అని మీరు అడిగారనుకోండి, అంటే నొప్పి లేదా అని. పెద్దావిడ "హై" అంటే నొప్పి లేదని అర్థం. మీరు అన్నది నిజమే అని ఆమె ఒప్పుకుంటున్నారు. మన ఇళ్లలో "నొప్పి లేదా అత్తమ్మా" అంటే "ఆఁ, లేదు" అనడం లాంటిదే ఇది. ఇంగ్లిష్ పద్ధతిలో ఆలోచించేవారికి ఇక్కడ అవును, కాదు తారుమారవుతాయి. అందుకే ఒట్టి "హై"తో ఆగకుండా "ఇతకునై దెసు" అని పూర్తి వాక్యం చెప్పడం, ఎదుటివారి నుంచి కూడా పూర్తి వాక్యం రాబట్టడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

సంభాషణ నిలబడటానికి వాక్యాలు కట్టడం ఒక్కటే సరిపోదు. మన ఊళ్లలో కథ చెప్పేవాళ్లకు ఊ కొట్టేవాళ్లు కావాలి; ఊ కొట్టకపోతే చెప్పేవాళ్లు ఆపేస్తారు. జపాన్‌లో ఈ ఊ కొట్టడం ప్రతి సంభాషణలోనూ ఉంటుంది, దానికి ఐజుచి అని పేరు. ఎదుటివారు వాక్యం మధ్యలో కాస్త ఆగిన ప్రతిసారీ "హై", "ఏ", "సో దెసు క", "సో దెసు నె" అంటూ ఉండాలి. ఇక్కడ "హై" అంటే ఒప్పుకున్నానని కాదు, వింటున్నానని. మీరు ప్రశ్న పూర్తయ్యేదాకా బిగుసుకుని కూర్చుంటే ఎదుటివారికి మీకు అర్థం కావడం లేదేమోనన్న అనుమానం వస్తుంది, వాళ్లు ప్రశ్నను మార్చేస్తారు, అప్పుడు మీరు నిజంగానే దారి తప్పుతారు. ఇంకొక మేలు కూడా ఉంది: ఊ కొడుతూ వినేటప్పుడు మీ గొంతు ముందే తెరుచుకొని ఉంటుంది, జవాబు మొదలుపెట్టడం సులువవుతుంది. పెద్దవారితో, అధికారులతో "ఉన్" అనకండి, అది చనువు ఉన్నవాళ్ల మధ్య మాట.

ఆలోచించుకోవడానికి సమయం కావాలంటే మౌనంగా ఉండకుండా "ఏతొ" అనో "అనో" అనో సాగదీయండి. మనం అదీ, మరి అని సాగదీసినట్టే. అర్థం కానప్పుడు "వకరిమసెన్" అని చేతులెత్తేయకండి. పట్టుకున్న ముక్కను పట్టుకొని అడగండి. "యకిన్ దెసు క?" అంటే నైట్ డ్యూటీ గురించేనా అని. ఇలా అడిగితే మీకు ఎంత అర్థమైందో, ఏది కాలేదో ఎదుటివారికి తెలుస్తుంది, వాళ్లు ఆ ఒక్క ముక్కను విడమరచి చెబుతారు. మొత్తం మళ్లీ చెప్పమంటే అదే వేగంతో అదే వాక్యం మళ్లీ వస్తుంది.

కంఠస్థం గురించి అడిగారు. స్వీయ పరిచయాన్ని తప్పకుండా కంఠస్థం చేయండి, కానీ అక్కడితో ఆపవద్దు. మీరు చెప్పే ప్రతి వాక్యమూ ఒక ప్రశ్నను పిలుస్తుంది. "నేను ఆసుపత్రిలో నర్సును" అంటే "యకిన్ వ అరిమసు క" అని రావచ్చు, నైట్ డ్యూటీలు ఉంటాయా అని. "హై, అరిమసు" అని ఊరుకుంటే సంభాషణ అక్కడే చచ్చిపోతుంది. "హై, అరిమసు. ఇష్షూకన్ ని నికై దెసు" అని, వారానికి రెండుసార్లు అనే వివరం ఒకటి కలపండి. ఆ తరువాత "సొచిర నొ యకిన్ వ దో దెసు క" అని, మీ దగ్గర నైట్ డ్యూటీలు ఎలా ఉంటాయని మర్యాదగా ఎదురు అడగండి. జవాబు, ఒక వివరం, ఒక ఎదురు ప్రశ్న. మీ పరిచయంలోని ప్రతి వాక్యాన్నీ ఇలా పొడిగించి, రాబోయే ప్రశ్నలను మీరే ఊహించి రాసుకోండి. అయితే జవాబును అక్షరం పొల్లు పోకుండా బట్టీ పట్టకండి; సంగతిని గుర్తుపెట్టుకొని, ప్రతిసారీ మాటలు కాస్త మార్చి చెప్పండి. బట్టీ పట్టిన జవాబులో ఒక్క మాట జారితే మిగిలినదంతా దానితోపాటే పోతుంది.

వేగం రావడానికి నేను అందరితోనూ చేయించే సాధన ఒకటి ఉంది. భాషా బోధనలో పేరున్న పాల్ నేషన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. ఒక సంగతిని, ఉదాహరణకు నిన్నటి డ్యూటీ ఎలా గడిచిందో, ఒకరికి 4 నిమిషాల్లో చెప్పాలి. అదే సంగతిని వేరొకరికి 3 నిమిషాల్లో, ఇంకొకరికి 2 నిమిషాల్లో చెప్పాలి. విషయం కొత్తది కాదు, మాటలు అప్పటికే వెతుక్కొని ఉన్నాయి, కాబట్టి మూడోసారికి మనసంతా సాఫీగా చెప్పడం మీదే ఉంటుంది. మీకు మొదట్లో 4 నిమిషాలు ఎక్కువనిపిస్తే 2, ఒకటిన్నర, ఒకటి అని పెట్టుకోండి. ముగ్గురు మనుషులు దొరకకపోతే ఫోన్‌లో మూడుసార్లు రికార్డు చేయండి, మొదటిదీ చివరిదీ విని పోల్చుకోండి.

వినడం, పలకడం రెండూ ఒకేసారి జరిగే సాధన మరొకటి. దీనిని షాడోయింగ్ అంటారు. ఆడియోలో మాట వినిపిస్తుండగానే, ఒక అర క్షణం వెనకగా మీరూ అదే పలుకుతూ వెళ్లాలి. జపాన్ ఫౌండేషన్ ఉచితంగా అందించే పాఠాల ఆడియోలు దీనికి బాగా పనికివస్తాయి. కొత్త పాఠంతో కాదు, ఇప్పటికే పూర్తిగా అర్థమైన పాఠంతో చేయండి. రోజూ పది నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే గంటన్నర కూర్చోవడం కన్నా ఇదే మేలు.

వరంగల్‌లో జపాన్ వాళ్లు లేరన్న బెంగ విషయానికొస్తే, మొదటి దశలో మీకు కావలసింది జపాన్ మనిషి కాదు, మీతోపాటు చదువుతున్న తోటి మనిషి. నక్కలగుట్ట, సుబేదారి వైపు మీ క్లాసులోనే మీలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ఉంటారు. వారిలో ఒకరితో మాట్లాడుకొని, వాట్సాప్‌లో రోజుకు ఒక వాయిస్ మెసేజ్ పంపుకోండి. టైపు చేయకూడదు, తెలుగు కలపకూడదు, ప్రతి మెసేజ్ చివర ఒక ప్రశ్న ఉండాలి. ఇద్దరు తెలుగువాళ్లు మాట్లాడుకుంటే తప్పులు పాతుకుపోతాయని కొందరు భయపెడతారు. ఆ భయంలో కొంత నిజం ఉంది, అందుకే వారానికి ఒకసారైనా బాగా వచ్చిన టీచరుతో ఆ రికార్డులు సరిచేయించుకోవాలి. కానీ ఆ భయంతో నోరు మూసుకొని కూర్చోవడం వల్ల జరిగే నష్టం అంతకన్నా చాలా పెద్దది.

ఎదుటివారికి అర్థమయ్యేలా ఐదు నిమిషాలు ఆగకుండా మాట్లాడగలిగిన తరువాత వీడియో కాల్‌లో పాఠం చెప్పే జపాన్ టీచరును చూసుకోండి. జపాన్ సమయం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. మనకు సాయంత్రం ఐదున్నర అయితే వాళ్లకు రాత్రి 9. మీకు మార్నింగ్ డ్యూటీ ఉన్న రోజుల్లో, ఇంటికి వచ్చి టీ తాగాక, నాలుగు నుంచి ఆరు మధ్య కాల్ పెట్టుకోవచ్చు. పాఠం మొదట్లోనే టీచరుకు ఒక మాట చెప్పండి: మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఆపి దిద్దవద్దని, తప్పులు రాసిపెట్టి చివరి పది నిమిషాల్లో చెప్పమని.

వయసు గురించి మీరు పడుతున్న దిగులుకు ఆధారం తక్కువ. కాథరిన్ స్నో, మరియన్ హూఫ్నాగెల్-హోలె అనే పరిశోధకులు నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లిష్ కుటుంబాలను ఏడాది పాటు గమనించి 1978లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి నెలల్లో చిన్నపిల్లల కన్నా కౌమార వయసువాళ్లూ పెద్దలూ వేగంగా ముందుకు వెళ్లారని తేలింది. పిల్లలు తరువాత అందుకుంటారు, ఉచ్చారణలో దాటిపోతారు కూడా. కానీ మీకు కావలసింది జపాన్‌లో పుట్టినవాళ్ల ఉచ్చారణ కాదు, పెద్దవాళ్ల మాట విని, అర్థం చేసుకొని, నిదానంగా జవాబు చెప్పగల శక్తి. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ జపనీస్‌కు దాదాపు 2200 తరగతి గంటలు కావాలని లెక్క కట్టింది, అది చూసి చాలామంది జంకుతారు. అది ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దౌత్య ఉద్యోగుల కోసం, ఉద్యోగ స్థాయిలో చదవడంతో కలిపి వేసిన లెక్క. కంజి అనే చైనా మూలపు అక్షరాలు మనకూ అంతే కష్టం. వాక్య నిర్మాణం మాత్రం మనకు అంత కష్టం కాదు.

పైగా మీరు పుట్టి పెరిగిన నేల మీద పెద్దయ్యాక భాష నేర్చుకోవడం వింత కాదు. మండీబజార్‌లో ఉర్దూలో బేరమాడే రైతులు, ఇంట్లో లంబాడీ మాట్లాడుతూ ఎనుమాముల మార్కెట్‌లో తెలుగులో లెక్క తేల్చుకునే తండా ఆడవాళ్లు, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లి హిందీ, అరబీ మాట్లాడటం పట్టుబడి వచ్చిన అన్నలు మన చుట్టూ ఉన్నారు. వాళ్లలో చాలామంది ఏ పుస్తకమూ చదవలేదు. పని జరగాలి కాబట్టి, తప్పో ఒప్పో మాట్లాడి, ఎదుటివారి ముఖం చూసి సరిచేసుకున్నారు. మీ దగ్గర వాళ్లకు లేని వ్యాకరణం, పదసంపద ఉన్నాయి. వాళ్ల దగ్గర ఉన్న ఆ చొరవ మీకు కావాలి. మీ ఇంట్లోనో వీధిలోనో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు ఉంటే, మొదటి ఆరు నెలలు ఎలా మాట్లాడారో కూర్చోబెట్టి అడగండి. ఏ క్లాసులోనూ దొరకని సంగతులు చెబుతారు.

చివరగా ఒక జాగ్రత్త. మీరు నేర్చుకున్నది దెసు, మసు రూపాల మర్యాద భాష. సంరక్షణ కేంద్రాల్లో వృద్ధులు మీతో అలా మాట్లాడరు. తబెమసు అనరు, తబెరు అంటారు, అందులోనూ వాళ్ల ప్రాంతపు యాసలో అంటారు. ఒసాకా వైపు అయితే వద్దు, కుదరదు అనడానికి "దమె"కు బదులు "అకన్" వినిపిస్తుంది. బడి పుస్తకాల తెలుగు ఒకటి, ఇంటి తెలుగు ఒకటిగా పెరిగిన మనకు ఇది కొత్త అనుభవం కాదు, కానీ ముందుగా చెవికి పడి ఉండాలి. ఇంటర్వ్యూ ఖాయమైన రోజే ఆ సంస్థ ఏ ప్రాంతంలో ఉందో కనుక్కొని, అక్కడి పెద్దవాళ్లు మాట్లాడే వీడియోలు రోజూ కాసేపు వినండి. వాళ్ల మాట అర్థమైతే చాలు, అనుకరించనవసరం లేదు. మీరు మాత్రం ఇంటిపేరుకు "సన్" చేర్చి పిలుస్తూ, దెసు, మసు రూపాల్లోనే జవాబు ఇవ్వండి.